ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ కలిపి చదివాను: నా అనుభవం

ఆరేళ్లు పంపుల డిజైన్‌లో పనిచేశాక నన్ను మళ్లీ క్లాసులో కూర్చోబెట్టింది ఒక ప్రశ్న. ఇంపెల్లర్ (పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రం) ఆకారం మారిస్తే పంపు సామర్థ్యం పెరుగుతుందని టెస్టు రిపోర్టులతో సహా మీటింగులో పెట్టాను. ఫైనాన్స్ మేనేజర్ ఓపిగ్గా విని, "బాగుందండీ. కొత్త ప్యాటర్న్‌లకు పెట్టే డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?" అన్నారు. ప్యాటర్న్ అంటే ఇంపెల్లర్ పోతపోసే అచ్చు చేయడానికి వాడే నమూనా; ఆకారం మారితే అదీ కొత్తది కావాలి. నా దగ్గర జవాబు లేదు. డిజైన్ అక్కడితో ఆగిపోయింది.

ఎం.ఎస్. చేయాలా, ఎం.బి.ఏ. చేయాలా అని చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. రెండూ కలిసిన చదువులు ఉన్నాయని వెతికితేనే తెలిసింది. వాటిలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ అయితే ఒకే డిగ్రీ, ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది. డ్యూయల్ డిగ్రీ అయితే రెండు పట్టాలు వస్తాయి, కానీ రెండేళ్లు ఊపిరాడదు. ఎం.ఐ.టి.లో 1988లో లీడర్స్ ఫర్ మాన్యుఫాక్చరింగ్ పేరుతో మొదలై, ఇప్పుడు లీడర్స్ ఫర్ గ్లోబల్ ఆపరేషన్స్‌గా నడుస్తున్నది ఈ రెండో రకమే. అందులో ఆరు నెలలు కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేయాలి. నేను చేరింది వేరేచోట, మొదటి రకంలో. ఉద్యోగానికి ఎక్కువకాలం దూరంగా ఉండలేను, పైగా నాకు రెండో పట్టా కన్నా ఆ జవాబు ముఖ్యం.

దరఖాస్తుతో పెట్టే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం) నాలుగుసార్లు తిరగరాశాను. మొదటి మూడూ నేను చేసిన డిజైన్ల జాబితాలు. నాలుగోదాంట్లో ఆ మీటింగు సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ఇంటర్వ్యూలో "ఉత్త ఎం.బి.ఏ. ఎందుకు చేయకూడదు?" అని అడుగుతారు. దానికి మీ పనిలోంచే జవాబు దొరకాలి. దొరక్కపోతే దరఖాస్తు ఇంకో ఏడాది ఆపుకోండి.

అకౌంటింగ్ మొదటి నెల చుక్కలు చూపించింది. తరుగుదల (మెషీన్ విలువ ఏటా కొంత తగ్గినట్టు రాసుకునే లెక్క) ఖర్చే అయినా ఆ ఏడాది చేతిలోంచి డబ్బు పోదు అన్న మాట తలకెక్కడానికే వారం పట్టింది. ఆ తర్వాత నెట్ ప్రెజెంట్ వాల్యూ దగ్గర కళ్లు తెరుచుకున్నాయి. అంటే ముందుముందు వచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది. ఈరోజు 100 పెడితే అయిదేళ్లపాటు ఏటా 30 వస్తుందనుకోండి. మొత్తం 150, కాబట్టి లాభమే అని నాలాంటి ఇంజనీరు అనేస్తాడు. పెట్టిన డబ్బు మీద ఏటా 12 శాతం రాబడి రావాలనుకుని ఆ రేటు వేస్తే ఆ 150 నేటి విలువ దాదాపు 108. రేటు 18 శాతమైతే 94కు పడిపోతుంది. మెషీన్ అదే, డ్రాయింగ్ అదే. రేటు మారేసరికి లాభం కాస్తా నష్టమైంది.

చివరి ప్రాజెక్టు ఒక ఫ్యాక్టరీలో చేశాం. వాళ్లు ఇంకో లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషీన్) కొనాలా అని అడిగారు. తయారైన పంపులను పరీక్షించే టెస్ట్ బెంచి ముందు లెక్కపెడితే 60 పంపులు వరసలో ఉన్నాయి. రోజుకు 12 మాత్రమే బయటికెళ్తున్నాయి. జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ప్రకారం (వరసలో ఉన్నవాటిని రోజుకు బయటికెళ్లేవాటితో భాగించాలి) ఒక్కో పంపు అక్కడ సగటున అయిదు రోజులు ఉండిపోతోంది. కొత్త లేత్ వస్తే బెంచి ముందుకు పంపులు ఇంకా ఎక్కువ వచ్చి ఆ వరస ఇంకా పెరుగుతుందే తప్ప ఒక్క పంపు కూడా ముందు బయటపడదు.

ఇక్కడిదాకా లెక్క తీసుకొచ్చింది. మిగతాది బెంచి దగ్గర పనిచేసే ఆయన చూపించారు. సైజు మారిన ప్రతిసారీ అడాప్టర్ ప్లేటు మార్చాలి. ఎనిమిది బోల్టులు విప్పి, గాస్కెట్ తుడిచి, మళ్లీ ఎనిమిదీ బిగించాలి. గ్రీజు అంటిన చేతులు తుడుచుకుంటూ, "వచ్చిన వరసలో కాకుండా సైజులవారీగా పంపించండి, ఈ ప్లేటు రోజుకు రెండుసార్లు మారిస్తే చాలు" అన్నారు. మా రిపోర్టులో మొదటి సిఫార్సు ఆయన మాటే, ఆయన పేరుతోనే పెట్టాం. లేత్ కొనుగోలు వాయిదా పడింది.

ఉద్యోగానికి తిరిగొచ్చాక ఆ పాత ఇంపెల్లర్ ఫైలు తీశాను. ఏ సైజు ఎన్ని అమ్ముడవుతోందో సేల్స్ వాళ్లను అడిగి, కంపెనీ వాడే రేటుతోనే లెక్క వేశాను. చిన్న సైజుల్లో ప్యాటర్న్ ఖర్చు తిరిగి రాదు. ఆ రోజు ఫైనాన్స్ మేనేజర్ సందేహం సరైనదే. పెద్ద సైజులు మూడింటిలో మాత్రం మూడో ఏడు నిండకుండానే వస్తుంది. ఆ మూడింటికే మళ్లీ ప్రతిపాదన రాసి, మొదటి పేజీలోనే ఆ లెక్క పెట్టి ఆయనకు పంపాను.