గని విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ: నా అనుభవం

మాది సూర్యాపేట జిల్లా, మేళ్లచెరువు వైపు. భూమిలో సున్నపురాయి ఉండబట్టే ఇక్కడ ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. మా ఊరి పక్కనున్న గనిని ఇంకా పెంచుతామని పేపర్లో ప్రకటన పడింది, ప్రజాభిప్రాయ సేకరణ తేదీతో సహా. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు ముందు జనానికి కనీసం 30 రోజుల గడువివ్వాలి. ఆ గడువే మాకు కలిసొచ్చింది.

ఆ అంచనా నివేదిక తెలుగు సారాంశం పంచాయతీలో దొరికింది. అసలు నివేదిక ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం. కలెక్టరేట్‌లో కూర్చుని చూశాం. గనిలో రాయిని పేల్చినప్పుడు (బ్లాస్టింగ్) వచ్చే అదురు కొలిచిన పట్టిక అందులో ఉంది కానీ, కొలిచింది ఫ్యాక్టరీ గేటు దగ్గర. ఇళ్లు పగులుతున్నది గనివైపు కాలనీలో.

మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగితే ఆ కాలనీలో అన్నం తింటున్నవాళ్లు కూడా లేచి వాకిట్లోకొస్తారు. సజ్జ మీది స్టీలు గిన్నెలు గలగలమంటాయి. నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామె గోడ చూపించి, "నిరుడు వెంట్రుకంత ఉండె బిడ్డా, ఇప్పుడు నా వేలు పడుతుంది చూడు" అంది. ఆ పగులుకు అడ్డంగా సిమెంటు పట్టీ వేసి తేదీ గీశాం. కొన్నాళ్లకే పట్టీ కూడా చీలింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి అర్జీకి జతచేశాం.

గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997లో ఇచ్చిన సర్క్యులర్ ఒకటి ఉంది. గని యజమానివి కాని మామూలు ఇళ్ల దగ్గర, అదురు పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 8 హెర్ట్జ్ లోపైతే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు; 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆపైన 15. ఇది తెలిశాక అర్జీయే మారిపోయింది. "న్యాయం చేయండి" అని వదిలేయకుండా, కాలనీలోనే మా ఎదుట కొలిచి, ఆ అంకెలు పంచాయతీ బోర్డు మీద పెట్టాలని రాశాం. మిరపకల్లాల మీద పడే దుమ్ముకు ఒక అర్జీ, గని గుంతలోంచి నీళ్లు తోడటంతో అడుగంటుతున్న బోర్లకు ఇంకొకటి. అన్నిటి నకళ్ల మీదా అందినట్టు ముద్ర వేయించుకున్నాం.

సభలో ఉద్యోగాలు కావాలనేవాళ్లు ఒక పక్క, గని వద్దనేవాళ్లు ఒక పక్క. ఉద్యోగాలు అడిగినవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లూ మా ఊరి పిల్లలే. కాలనీ ఆడవాళ్లకు మాత్రం మేం పట్టుబట్టాకే మైకు అందింది. పెద్దమ్మ తన గోడ సంగతి చెప్పింది.

చాలామంది భోజనాలకు లేచిపోయాక ముఖ్యమైన పని మొదలవుతుంది. నమోదు చేసిన అంశాలను అక్కడే తెలుగులో చదివి వినిపించాలి, తర్వాతే సంతకం. మేం కొందరం కూర్చుని విన్నాం. బోర్ల సంగతి రాలేదు. లేచి, ముద్ర ఉన్న నకలు చూపించాక చేర్చారు. అలా ఉండకపోతే అది కాగితం మీదికే వచ్చేది కాదు.

గనికి అనుమతి వచ్చింది. కాలనీలో అదురు కొలవాలన్నది షరతుల్లో చేరింది. ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి కంపెనీ షరతుల అమలు నివేదిక ఇవ్వాలి కాబట్టి అది అడిగి తీసుకుంటున్నాం. కాలనీ అంకెలు వస్తున్నాయి. బోర్ల నీటిమట్టం వివరాలు మాత్రం పెట్టలేదు, దాని మీద మళ్లీ అర్జీ ఇచ్చాం. పగిలిన ఇళ్ల పరిహారం ఇంకా తేలలేదు.