కవరేజ్ తప్పితే బాధ్యత ఎవరిది: చార్టింగ్ షీట్‌లో ఈ విడత మార్పులు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాస్‌ని ఆపే పథకం, అంటే కవరేజ్, తప్పినప్పుడు ఎవరి పేరు రాయాలో ఒక్కో ప్లేకీ నమోదు చేసే షీట్ ఇది. అందులో "దగ్గరున్న డిఫెండర్" కాలమ్ తీసేశాం. టీవీలో రిసీవర్ (పాస్ అందుకునేవాడు) వెనకాల పరిగెడుతూ కనిపించే కార్నర్ (అంచున అతన్ని కాసే డిఫెండర్) మీదికే నింద పోతోంది. చాలాసార్లు అతను తన పని సరిగ్గా చేసినవాడే. దాని చోట మూడు కాలమ్‌లు వచ్చాయి: స్నాప్‌కి (బంతి వెనక్కి ఇచ్చి ప్లే మొదలుపెట్టడం) ముందు లోతులో సేఫ్టీలు (అందరికన్నా వెనక కాసే డిఫెండర్లు) ఎందరు, కార్నర్ రిసీవర్‌కి లోపలివైపు (మైదానం మధ్యవైపు) నిలబడ్డాడా బయటివైపా, మొదటి మూడడుగుల్లో ఎవరి చూపు ఎవరి మీద.

వీటికి టీవీ ఫుటేజ్ పనికిరాదు, సేఫ్టీలు ఫ్రేమ్‌లోనే ఉండరు. మైదానంలోని 22 మందినీ చూపే ఆల్-22 ఫుటేజ్ ఉండాల్సిందే. సైడ్‌లైన్ (మైదానం పక్కనుంచి తీసిన) కోణంలో లోతు తెలుస్తుంది, ఎండ్ జోన్ (మైదానం చివరినుంచి తీసిన) కోణంలో లోపలా బయటా తేలుతుంది. రెండూ చూడకుండా పేరు రాయొద్దు.

ఎక్కువ టైమ్ తిన్నది క్వార్టర్స్, అంటే ఇద్దరు కార్నర్లు, ఇద్దరు సేఫ్టీలు లోతును నాలుగు భాగాలుగా కాసే కవరేజ్. కోచ్ స్టీవ్ స్పరియర్ ఫ్లోరిడా యూనివర్సిటీలో వాడిన మిల్స్ అనే పాస్ ప్లే తీసుకోండి: బయటి రిసీవర్ పోస్ట్ (లోతుకి పోతూ గోల్‌పోస్టుల వైపు వాలే పరుగు), లోపలివాడు 10-12 గజాల దగ్గర డిగ్ (మధ్యకి అడ్డంగా తిరిగే పరుగు). సేఫ్టీ లోపలివాణ్ణి చూస్తూ ఉంటాడు, వాడు నేరుగా లోతుకొస్తే వాడే తన మనిషి. డిగ్ మీదికి దూకగానే వెనక పోస్ట్ ఖాళీ. లోపల సాయం ఉందనే కార్నర్ బయటివైపు నిలబడ్డాడు, కాబట్టి అతను వెనకబడటం సహజం. ఇక్కడ సేఫ్టీది కూడా తప్పు కాదు, రూల్ ప్రకారమే దూకాడు. "కాల్ ఓడింది" అని రాస్తున్నాం, అంటే ఆ ప్లేకి ఎంచుకున్న కవరేజే ఓడింది. అదే లోపలివాడు 6 గజాల దగ్గర ఆగిపోయినా సేఫ్టీ వాడి మీదికే పోతే లెక్క వేరు. అప్పుడు అతను బయటి రిసీవర్‌కి సాయం పోవాలి. పోలేదు కాబట్టి సేఫ్టీ పేరే.

బాధ్యత వేరు, అమలు వేరు. 2013 జనవరి 12న డెన్వర్‌లో 35-28 ఆధిక్యంలో ఉన్న బ్రాంకోస్ మీద, రెగ్యులేషన్ ముగిసే 31 సెకన్ల ముందు, థర్డ్ అండ్ 3లో (మూడో ప్రయత్నం, ఇంకా 3 గజాలు కావాలి) రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ ఫ్లాకో నుంచి రిసీవర్ జాకోబీ జోన్స్‌కి 70 గజాల టచ్‌డౌన్. కార్నర్ టోనీ కార్టర్ జోన్స్‌ని దాటి పోనిచ్చాడు, వెనక సేఫ్టీ రహీమ్ మూర్ ఉన్నాడు. మూర్ బంతి లోతు తప్పుగా అంచనా వేసి ఎగిరాడు, బంతి అతన్ని దాటిపోయింది. ఇది కవరేజ్ గందరగోళం కాదు. మనిషి ఉండాల్సిన చోటే ఉన్నాడు, ఆడటమే తప్పింది. షీట్‌లో "అమలు, మూర్".

ప్లే అయ్యాక డిఫెండర్లు చేతులు చాచి ఒకరినొకరు చూసుకోవడాన్ని సాక్ష్యంగా లెక్కపెట్టడం లేదు. తప్పు చేసినవాడే ముందు చేతులు చాపుతాడు! అదే మ్యాచ్‌లో, అదే ఫార్మేషన్ మీద, అదే కవరేజ్ ఆడిన ఇతర స్నాప్‌లు పోల్చాకే పేరు. పోలిక దొరక్కపోతే "తేలలేదు".

మోషన్ స్నాప్‌లు (బంతి కదిలేముందే రిసీవర్ చోటు మారేవి) ఇంకా మిగిలాయి. రిసీవర్ అటునుంచి ఇటు వచ్చినప్పుడు ఒక డిఫెండర్ వెంట వచ్చి, ఇంకొకడు తన జాగా మార్చుకుంటే ఒకరి మీద ఇద్దరు, అవతల ఒకడు ఒంటరి. వెంట రావాల్సిందా, మార్చుకోవాల్సిందా అన్నది ఒక్క స్నాప్ చూసి చెప్పలేం. అందుకే వీటిని వేరే ట్యాబ్‌లో పెట్టి, టీమ్‌వారీగా పేరుస్తున్నాం.