డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీ వైఫై పెట్టుకున్న కథ (నా అనుభవం)

డెస్క్‌టాప్ ఉన్న గది ఒక మూల, రౌటర్ ఇంకో మూల, మధ్యలో రెండు గోడలు. ల్యాన్ కేబుల్ లాగితే తలుపు పడదు, మదర్‌బోర్డులో వైఫై లేదు, కేబినెట్ విప్పి కార్డు బిగించే ఓపిక అంతకన్నా లేదు. యూఎస్‌బీ వైఫై అడాప్టర్ గుచ్చితే పనైపోద్ది అన్నారు అందరూ. అయ్యింది, కాకపోతే తల ప్రాణం తోకకొచ్చాక అయ్యింది. అడాప్టర్ ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే అసలు విషయం కంపెనీ పేరులో లేదు, లోపలున్న చిప్‌లోనూ మనం దాన్ని ఎక్కడ గుచ్చుతామో ఆ చోటులోనూ ఉంది.

గోరంత ఉంది అది, నానో టైపు. గుచ్చగానే విండోస్ టుంగ్ మంది, కానీ వైఫై గుర్తు రాలేదు. మై కంప్యూటర్‌లో చూస్తే కొత్తగా ఒక సీడీ డ్రైవ్ కనిపిస్తోంది, నా సిస్టమ్‌లో సీడీ డ్రైవే లేదు! ఆరా తీస్తే తెలిసిందేంటంటే ఈ రకం అడాప్టర్లు చాలావాటిల్లో చిన్న మెమరీ పెట్టి అందులో డ్రైవర్ (వస్తువుని సిస్టమ్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) సెటప్ పడేస్తారు, మొదటిసారి పెట్టినప్పుడు అది తనని తాను సీడీగా పరిచయం చేసుకుంటుంది, సెటప్ నడిచాక ఆ సీడీని ఎజెక్ట్ చేసి అప్పుడు వైఫై అడాప్టర్‌గా మారుద్ది. ఆలోచన బానే ఉంది, డ్రైవర్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. కానీ నా దాంట్లో ఉన్న సెటప్ ఎప్పటిదో పాతది, సగం దాకా వెళ్ళి ఆగిపోతుంది. కొత్త డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి.

దీనికి ఫోన్ పనికొచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని వైఫైకి కనెక్ట్ చేసి, ఛార్జింగ్ కేబుల్‌తో సీపీయూకి కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, విండోస్ దాన్ని మామూలు నెట్‌వర్క్ కార్డులా తీసుకుంటుంది. ఫోన్ వైఫైలో ఉంది కాబట్టి మొబైల్ డేటా కూడా ఖర్చవ్వదు. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది!

సరే నెట్ వచ్చింది, ఏ డ్రైవర్ దించాలి? పెట్టె మీదున్న మోడల్ నంబర్ పట్టుకుని వెతికితే వెర్షన్ 1 అంటాడు, 2 అంటాడు, 3 అంటాడు, ఒకే పేరు మీద ఒక్కో వెర్షన్‌లో ఒక్కో చిప్ ఉండే అడాప్టర్లు బోలెడు. అందుకే పెట్టెని నమ్మొద్దు. సిస్టమ్‌కి తగిలించిన వస్తువుల చిట్టా చూపించే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. అక్కడ వీఐడీ, పీఐడీ అని నాలుగేసి అక్షరాలు ఉంటాయి, మొదటిది చాలాసార్లు చిప్ కంపెనీది, రెండోది ఆ వస్తువుది. ఆ జత కొట్టి వెతికితే అసలు చిప్ పేరు తేలిపోద్ది. నాకు చివరికి విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్‌లోనే సరైన డ్రైవర్ దొరికింది, ఎక్కడెక్కడో డ్రైవర్ ప్యాక్ సైట్లలో పడి చెత్త ఎక్కించుకోవాల్సిన పని లేకుండా.

కనెక్ట్ అయ్యింది, సంతోషం. స్పీడ్ చూస్తే నీరసం. పెట్టె మీద ఏసీ600 అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. ఆ 600 ఎలా వచ్చిందంటే, వైఫై నడిచే రెండు రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 150 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 433, రెండూ కూడి పైకి గుండ్రం చేశారు. మనం ఒకసారి ఒక బ్యాండ్‌లోనే ఉంటాం కాబట్టి ఆ మొత్తం ఎప్పటికీ రాదు. ఏసీ1200 అన్నదీ అంతే, 300కి 867 కలిపారు, పైగా దాన్ని యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే ఆ పోర్టు హద్దే 480 మెగాబిట్లు. ఇవన్నీ లింక్ స్పీడ్‌లు, అంటే అడాప్టర్‌కీ రౌటర్‌కీ మధ్య పైకి చెప్పుకునే వేగాలు, అసలు డౌన్‌లోడ్‌కి వచ్చేసరికి అందులో సగం వస్తే అది మంచి రోజు. కమాండ్ ప్రాంప్ట్‌లో netsh wlan show interfaces అని కొడితే ఏ ఛానెల్, ఎంత లింక్, సిగ్నల్ ఎంత శాతం అన్నీ చెప్తుంది, టాస్క్‌బార్‌లో గీతలు చూసి అంచనా వేయడం కన్నా అది నయం.

నా అడాప్టర్ 2.4లో కూర్చుంది, 5లోకి వెళ్ళమంటే రెండు గోడలు దాటి సిగ్నల్ రావట్లేదు. పోనీలే 2.4తోనే బండి లాగిద్దాం అనుకుంటే ఇంకో వింత మొదలైంది, మామూలుగా బానే ఉంటుంది, ఉన్నట్టుండి వీడియో కాల్‌లో మనుషులు బిగుసుకుపోతారు, కాసేపటికి మళ్ళీ కదుల్తారు. పక్కింటి వైఫైల గోల అనుకుని రౌటర్‌లో ఛానెల్ 1, 6, 11 అన్నీ మార్చి చూశా, తేడా లేదు. ఒకసారి బయటి హార్డ్‌డిస్క్‌కి పెద్ద ఫైల్ కాపీ పెట్టి కూర్చుంటే మౌస్ బాణం కూడా ఆగి ఆగి దూకుతోంది. వైర్‌లెస్ మౌస్ అది, దానికీ నెట్‌కీ సంబంధమే లేదు. రెండూ ఒకేసారి నత్తనడక పట్టాయంటే కారణం ఒకటే అయ్యుండాలి కదా. ఒక విండోలో రౌటర్‌కి పింగ్ (చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసేది) పెట్టి కాపీ మొదలుపెట్టా, 3, 4 మిల్లీసెకన్లు ఉన్నది కాస్తా వందల్లోకి పోయింది, మధ్యమధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. కాపీ క్యాన్సిల్ కొట్టగానే మళ్ళీ 3, 4.

దీని వెనక సంగతి ఏంటంటే యూఎస్‌బీ 3 వైరులో డేటా సెకనుకి 5 గిగాబిట్ల చొప్పున పరిగెడుతుంది, ఆ సిగ్నల్ వల్ల పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల కూడా పడుతుంది. ఇంటెల్ వాళ్ళు 2012లోనే దీని మీద కొలతలతో సహా ఒక పత్రం ఇచ్చారు, యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తగిలిస్తే ఆ బ్యాండ్‌లో రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని, అంటే 100 రెట్లు. నా అడాప్టర్, మౌస్ రిసీవర్, హార్డ్‌డిస్క్ మూడూ సీపీయూ వెనకాల పక్కపక్క పోర్టుల్లో ఉన్నాయి. దానికి తోడు సీపీయూ ఇనప డబ్బా ఒకవైపు, గోడ ఇంకోవైపు, మధ్యలో గోరంత అడాప్టర్, ఇక రౌటర్ మాట దానికేం వినబడుద్ది.

మందు చూస్తే నవ్వొస్తుంది, ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. మామూలు యూఎస్‌బీ 2దే తీసుకున్నా, నా అడాప్టర్‌కి అది చాలు. దాని కొసకి అడాప్టర్ తగిలించి మానిటర్ వెనకనుంచి పైకి తీసి టేప్ వేశా. డబ్బా చాటు పోయేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కూడా అందింది, యూఎస్‌బీ 3 రొద బాధ ప్రధానంగా 2.4కే కాబట్టి ఇప్పుడు కాపీ నడుస్తున్నా కాల్ బిగుసుకుపోవట్లేదు. మౌస్ రిసీవర్‌ని ముందు పోర్టుకి మార్చా. నా ఉద్దేశంలో ఈ నానో అడాప్టర్లు ల్యాప్‌టాప్‌కి తప్ప డెస్క్‌టాప్‌కి పనికిరావు, యాంటెనా బయటికున్నదో, పెట్టెలోనే కేబుల్ ఇచ్చేదో తీసుకోవడం మేలు.

ఇంకో చిన్నది, కాసేపు వాడకపోతే కనెక్షన్ పోయేది. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపొచ్చు అన్న టిక్ తీసేస్తే సరిపోయింది.

అంతా కుదిరాక ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు చచ్చిపోయింది, అందులో లైనక్స్. ఇదే అడాప్టర్ దానికి పెడితే మళ్ళీ సీడీ అవతారం! యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ ఉంటే అది చూసుకుంటుంది, కానీ ఈ చిప్ డ్రైవర్ ఆ లైనక్స్ కెర్నల్‌లో (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) లేదు. ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన కోడ్ తెచ్చి డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్ళీ కట్టిపెట్టే పనిముట్టు) కట్టుకోవాలి, సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని నడవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే ఆ డ్రైవర్ మాడ్యూల్‌కి సంతకం కావాలి, రీస్టార్ట్‌లో వచ్చే నీలం స్క్రీన్‌లో ఎంఓకే కీ (ఆ సంతకాన్ని నమ్మమని మనం నమోదు చేసే కీ) ఎన్‌రోల్ చేయకపోతే కీ రిజెక్టెడ్ అని మొహం మీదే చెప్తుంది. అన్నీ చేశాక కూడా కెర్నల్ పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు కోడ్ కట్టడం ఆగిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడింక విసుగొచ్చి మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ ఉన్న అడాప్టర్ వెతికి తెచ్చుకున్నా, దాని డ్రైవర్ 2018లో వచ్చిన కెర్నల్ 4.19 నుంచి లోపలే ఉంది. గుచ్చా, నెట్‌వర్క్‌ల లిస్టు వచ్చింది, పాస్‌వర్డ్ కొట్టా, అంతే. రియల్‌టెక్‌లో కూడా కొన్ని యూఎస్‌బీ చిప్‌లకి కెర్నల్ 6.2 నుంచి లోపలే వస్తోంది, కాబట్టి లైనక్స్ వాళ్ళు కొనేముందే చిప్ పేరు, తమ కెర్నల్ వెర్షన్ రెండూ చూసుకోండి, పెట్టె మీద లైనక్స్ సపోర్ట్ అని రాసి ఉన్నా సరే.

డెస్క్‌టాప్‌లో పాతదే నడుస్తోంది. స్లీప్ నుంచి లేచినప్పుడు ఒక్కోసారి నెట్‌వర్క్‌లు ఏవీ చూపించదు, డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ కొట్టి ఎనేబుల్ కొడితే వచ్చేస్తుంది, రీస్టార్ట్ దాకా పోనక్కర్లేదు. దీనికి పర్మనెంట్ వైద్యం ఎవరికైనా దొరికితే చెప్పండి.