పాకాలకు బస్సులో, అడవిలోకి కాలినడకన

పాకాల చెరువును నేను మొదటిసారి చూసింది కారులో వెళ్లి. బంధువులతో కలిసి కట్ట దగ్గర దిగి, ఫోటోలు తీసుకుని, తెచ్చుకున్న పులిహోర తిని, గంటన్నరలో హన్మకొండకు తిరిగి వచ్చేశాము. చెరువు చాలా పెద్దదన్న సంగతి తప్ప ఆ ప్రయాణంలో నాకు మరేమీ గుర్తు లేదు. ఆ తరువాత కొన్నేళ్లుగా నేను అక్కడికి బస్సులోనే వెళ్తున్నాను. బస్సు మనల్ని రోడ్డు మీద దింపి తన దారిన వెళ్లిపోతుంది కనుక మిగిలినదంతా నడవవలసిందే. అలా నడిచినప్పుడే ఎగువన అడవి, మధ్యలో చెరువు, దిగువన పొలాలు అన్న వరుస నాకు కాళ్లతో తెలిసింది. ఆ వరుసలో ఏ ఒక్కటి తీసేసినా మిగిలిన రెండూ నిలవవని ఇప్పుడు నమ్ముతున్నాను.

వెళ్లే దారి కష్టమైనదేమీ కాదు. వరంగల్ నుండి గానీ హన్మకొండ నుండి గానీ నర్సంపేటకు రోజంతా బస్సులు ఉంటాయి. దూరం సుమారు నలభై కిలోమీటర్లు. నర్సంపేటలో దిగి, ఖానాపురం మండలంలోని అశోక్‌నగర్ మీదుగా కొత్తగూడ వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కి, పాకాల దగ్గర దింపమని కండక్టర్‌కు ముందే చెప్పుకోవాలి. తిరుగు బస్సు ఎప్పుడో కూడా ఆయననే అడిగి తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ దారిలో బస్సులు తక్కువ. 2023 డిసెంబర్ 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ప్రయాణం ఉచితం కావడం వల్ల మా అక్క కూడా నాతో రావడం మొదలుపెట్టింది. యాభై ఏళ్లు వరంగల్ జిల్లాలోనే బతికి, పాకాలను ఒక్కసారైనా చూడని మనిషి ఆమె. ఆధార్ కార్డు చూపి జీరో టికెట్ అందుకున్న మొదటి రోజున ఆమె ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

కాకతీయ గణపతిదేవుని కాలంలో, అంటే పదమూడవ శతాబ్దిలో, ఈ చెరువును తవ్వించారు. తవ్వించారు అనడం మాటవరసకే. నిజానికి వారు చేసింది గుట్టల మధ్య ఉన్న సందును చూసి, అక్కడ కట్ట పోసి, అడవిలో పడిన వానను ఆపడం. కట్ట మీద నిలబడి ఒకవైపు నీళ్లను, మరోవైపు చాలా కిందికి ఉన్న పొలాలను చూస్తే ఆ ఎంపికలోని తెలివి అర్థమవుతుంది. చెరువు నిండితే లోతు ముప్పై అడుగులు దాటుతుంది. అంతకు మించి వచ్చిన నీరు మత్తడి, అంటే అలుగు, దుంకుతుంది. తూముల గుండా వదిలిన నీరు సంగెం, జాలుబంధం, తుంగబంధం వంటి కాలువలలో పారి యాసంగి వరికి చేరుతుంది. ఈ చెరువు దగ్గర మొదలయ్యే మున్నేరు ఖమ్మం పట్టణం పక్క నుండి పోయి కృష్ణలో కలుస్తుంది. రామప్ప, లక్నవరం చెరువుల నీళ్లు మాత్రం గోదావరి వైపు పోతాయి. ఒకే రాజుల కాలపు చెరువులు, ఒకే జిల్లాగా ఉండిన నేల, అయినా నీళ్లు పోయే దారులు రెండు. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ కట్ట మీద నడక నాకు మరింత ఇష్టమైంది.

మేము ఎక్కువగా వెళ్లేది ఫాల్గుణంలో. అప్పటికి టేకు ఆకు రాల్చేసి ఉంటుంది కనుక అడవి లోపలి వరకు చూపు పోతుంది; అడుగు వేసిన ప్రతిచోటా పెద్ద పెద్ద ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతాయి. మోదుగ చెట్లు ఒక్క ఆకైనా లేకుండా కొమ్మ కొమ్మకూ ఎర్రగా పూసి నిలబడతాయి. అన్నిటికంటే ముందు మనల్ని పలకరించేది ఇప్పపువ్వు వాసన. తెల్లవారుజామున రాలిన ఆ పువ్వు మీగడ రంగులో, వేలి కొస అంత, లోపల బోలుగా, రసంతో బరువుగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే మొదట తియ్యగా తగిలి, ఆ తరువాత నాలుక మీద కొంచెం వగరు మిగులుతుంది. ఎండ ఎక్కితే వాడి మెత్తబడుతుంది కనుక, ఏరేవారు చీకటి ఉండగానే చెట్టు కిందికి చేరుకుంటారు.

మొన్నటి ఫాల్గుణంలో అలా ఏరుతున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి, "ఏ ఊరు బిడ్డా, ఇంత పొద్దుగాల వచ్చిండ్రు?" అని అడిగింది. హన్మకొండ అని అక్క చెప్పగానే, "నడుసుకుంట సూసెటోళ్లు తక్కువ బిడ్డా, అందరు బండ్ల మీదనే ఉరుకుతరు" అంటూ రెండు పిడికిళ్ల పువ్వు అక్క కొంగులో పోసింది. ఆమె చెట్టు కింద నేలను చీపురుతో శుభ్రంగా ఊడ్చుకుంది. ఆ చిన్న పనిని నేను చాలాసేపు చూశాను. పువ్వు కనబడడానికి చెట్టు కింది ఎండుటాకుకు నిప్పు పెట్టే అలవాటు మన అడవుల్లో చాలాచోట్ల ఉంది. ఎండాకాలంలో అడవి తగలబడడానికి అది ఒక ముఖ్య కారణం. ఆకు కాలిపోతే వానకు నేల కోసుకుపోతుంది, ఆ ఒండ్రు చెరువులోకే చేరుతుంది. చీపురు పట్టిన ఆ ముసలమ్మ చెరువును కూడా కాపాడుతున్నదని నాకు అనిపించింది.

ఆ రోజే నేను ఒక తప్పు చేశాను. మధ్యాహ్నం కట్ట చివరి వరకు వెళ్లి, నీటికోళ్లను చూస్తూ సమయం మరిచిపోయాను. రోడ్డు ఎక్కేసరికి మా బస్సు వెళ్లిపోయిందని దగ్గరలో మేకలు కాస్తున్న తాత చెప్పాడు. పొద్దు గూకితే ఆ రోడ్డు మీద నిలబడడం మంచిది కాదు. పులి తిరిగినట్లు అప్పుడప్పుడు వార్తలు వచ్చే ప్రాంతం అది. కూలి పని నుండి ఇళ్లకు వెళ్తున్న ఆడవారితో నిండిన ఒక ఆటో ఆగి, సర్దుకుని మాకు చోటిచ్చింది. అప్పటి నుండి చివరి బస్సును లెక్కలోకి తీసుకోను. దానికి ముందు బస్సునే నా చివరి బస్సుగా పెట్టుకుంటాను.

మరొక మాట కూడా చెప్పాలి. పాకాల చుట్టూ సుమారు 860 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. కట్ట మీద, రోడ్డు వెంట నడవడం వేరు, అడవి లోపలికి వెళ్లడం వేరు. లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ వారి అనుమతి, తోడుగా దారి తెలిసిన స్థానికుడు ఉండాలి. ఇవి రెండూ లేనప్పుడు మేము రోడ్డు దిగము.

రామప్పకు వెళ్లడం ఇంకా సులువు. ములుగు మీదుగా వెళ్లే బస్సులో జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర దిగితే పాలంపేటకు ఆటోలు దొరుకుతాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించిన తరువాత జనం బాగా పెరిగారు. అయితే గుడి చూసినవారిలో చాలామంది అక్కడి నుండి కొద్ది దూరంలోనే ఉన్న చెరువు దాకా నడవకుండానే వెనక్కి వెళ్లిపోతున్నారు. గుడి ముందు చూసి, సాయంత్రం నీడ పడే వేళకు కట్ట మీదికి వెళ్లాలని నా సలహా. లక్నవరానికి చల్వాయి దగ్గర దిగాలి. అక్కడి నుండి చెరువుకు మరికొన్ని కిలోమీటర్లు. వేలాడే వంతెన, పడవలు, ఆదివారాల రద్దీ అందరికీ తెలిసినవే కనుక వాటి గురించి రాయను. పనిదినాన ఉదయం వెళ్తే ఆ దారిలో పిట్టల అరుపు తప్ప మరో చప్పుడు ఉండదు.

అదే రోడ్డు మీద ఇంకా ముందుకు వెళ్తే పస్రా, ఆ తరువాత తాడ్వాయి వస్తాయి. 2024 ఆగస్టు 31న వీచిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుమారు యాభై వేల చెట్లు కొన్ని గంటల్లోనే కూలిపోయాయి. ఆ తరువాత మేడారం బస్సులో వెళ్తున్నప్పుడు, ఎప్పుడూ నీడగా ఉండే చోట ఒక్కసారిగా ఎండ కిటికీలోంచి ఒళ్లో పడింది. సమ్మక్క గద్దెకు బంగారం, అంటే మొక్కు బెల్లం, తీసుకుపోతున్న ఒక కుటుంబం అప్పటిదాకా గట్టిగా మాట్లాడుకుంటున్నది. అందరూ ఒక్కసారి ఊరుకున్నారు. అక్క కిటికీ వైపు తిరిగి, వేర్లతో సహా లేచి పడి ఉన్న ఒక మద్ది మాను దాటిపోయేవరకు చూసి, "వచ్చే వానాకాలం మళ్లీ వద్దాం, ఏమేమి మొలిచాయో చూడాలి" అన్నది. ఆషాఢంలో వెళ్లడానికి ఇద్దరం అనుకున్నాము. హన్మకొండలో మొదటి బస్సుకే.