ఇత్తడి, ఉక్కు, అల్యూమినియం: స్టీల్ గిటార్ టోన్ బార్లను తూచి, వాయించి చూసిన వివరాలు

మే: కడ్డీల తయారీ

స్టీల్ గిటార్ తీగల మీద ఆనించి జార్చే లోహపు కడ్డీనే టోన్ బార్ లేదా బారు అంటారు. ఇత్తడి బారు నాదం మృదువుగా, నిండుగా ఉంటుందనీ, స్టెయిన్‌లెస్ స్టీలు బారు నాదం స్ఫుటంగా, కాస్త కరుకుగా ఉంటుందనీ స్టీల్ గిటార్ వాయించేవారిలో ఒక నమ్మకం బలంగా ఉంది. అయితే ఈ తేడా లోహానిదా, బరువుదా, లేక బారు పైపూత నునుపుదా అన్నది బజారులో దొరికే బార్లతో తేలే విషయం కాదు. వాటిలో ఒకదాని వ్యాసం ఇంకొకదానికి ఉండదు, ఒకదాని పొడవు మరొకదానికి కలవదు. అందువల్ల ఒకే కొలతలో వేర్వేరు లోహాల కడ్డీలు చేయించి, మిగిలినవన్నీ మార్చకుండా పోల్చాలని నిర్ణయించుకున్నాను.

వాద్యం ఆరు తీగల ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్, అంటే ఒళ్ళో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్. స్కేలు పొడవు (తీగ కంపించే భాగం పొడవు) 22.5 అంగుళాలు. శ్రుతి సి6, అంటే మంద్ర తీగ నుంచి వరుసగా సి, ఇ, జి, ఎ, సి, ఇ. సన్నని తీగ 0.015 అంగుళం, లావుపాటి చుట్టు తీగ 0.036 అంగుళం. సి స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే ఈ శ్రుతిలోని తీగలన్నీ మోహన రాగ స్వరాలే అవుతాయి, రిషభం ఒక్కటే బారుతో పలికించుకోవాలి. కర్ణాటక బాణీలో సాధన మొదలుపెట్టేవారికి ఇది పెద్ద సౌకర్యం కనుక పరీక్షలన్నిటికీ మోహననే వాడాను.

సికింద్రాబాదు రాణీగంజ్‌లో 20 మి.మీ. కడ్డీలు కొని, బాలానగర్‌లోని ఒక లేత్ షాపులో 19 మి.మీ. వ్యాసానికి, 73 మి.మీ. పొడవుకు తిప్పించాను. ఆరు తీగల వాద్యాలకు అమెరికాలో వాడే ముప్పావు అంగుళం బారు కొలత ఇంచుమించు ఇదే. తీసుకున్న లోహాలు నాలుగు: 304 స్టెయిన్‌లెస్ స్టీలు, ఇత్తడి, అల్యూమినియం, బేరింగులకు వాడే ఇఎన్-31 ఉక్కు. ఇత్తడి మెత్తన కాబట్టి పని సులువనీ, స్టీలుకు సమయం పడుతుందనీ ఊహించాను గానీ, ఎంత తేడా ఉంటుందో టర్నర్ పక్కన నిలబడి చూస్తేనే అర్థమైంది. ‘‘ఇత్తడైతే పొడిలెక్క రాలిపోతది సార్, ఈ 304తోనే తంటా, టూలుకు అతుక్కుంటది’’ అన్నాడాయన. ఇఎన్-31 కడ్డీని తిప్పాక వేడి చేసి గట్టిపరచాలి, ఆ తర్వాత గ్రైండింగు చేయించాలి. అందుకని అన్నిటికన్నా ఖర్చు దానికే అయింది. హవాయి దీవుల్లో ఈ వాదన పద్ధతికి ఆద్యుడిగా పేరున్న జోసెఫ్ కెకుకు కూడా తన ఉక్కు బారును చదువుకునే బడి వర్క్‌షాపులోనే చేసుకున్నాడని చెబుతారు. ఆ లెక్కన లేత్ షాపు ఈ వాద్యానికి పరాయి చోటేమీ కాదు.

ప్రతి కడ్డీకీ ఒక కొసను అర్ధగోళంగా గుండ్రం చేయించాను, రెండో కొసలో బొటనవేలి కొన ఆనుకునేలా చిన్న గుంట పెట్టించాను. గుండ్రటి ముక్కు లేకపోతే బారును ఏటవాలుగా తిప్పి రెండు తీగలను వేర్వేరు మెట్ల మీద పలికించడం, బారు లేపి ఒక్క తీగను మాత్రమే తాకడం రెండూ కష్టమవుతాయి. తర్వాత వాటర్ పేపరుతో 400, 800, 1200, 2000 వరుసలో ఇంట్లోనే రుద్ది, చివరికి బఫింగు చేయించాను. వాటర్ పేపరును కడ్డీ చుట్టూ అడ్డంగా తిప్పి రుద్దితే లేత్ గీతల మీదే కొత్త గీతలు పడతాయి. బారు పొడవునా రుద్దాలి, ఒక్కో నంబరు మారినప్పుడు దిశ కొంచెం మార్చాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ట్యూబులైటు ప్రతిబింబం కడ్డీ మీద ఎక్కడా వంకర పోకుండా ఒకే గీతలా కనిపించాలి. ఆ గీత వణికినట్టుంటే అక్కడ పల్లం ఉన్నట్టే.

తూకం వేస్తే స్టెయిన్‌లెస్ స్టీలు 156 గ్రాములు, ఇత్తడి 168, ఇఎన్-31 దాదాపు 154, అల్యూమినియం 53 వచ్చాయి. ఘన సెంటీమీటరుకు స్టీలు 7.9 గ్రాములు, ఇత్తడి సుమారు 8.5, అల్యూమినియం 2.7 కనుక లెక్క సరిపోయింది. అంటే ఒకే కొలతలో చేసినప్పుడు ఇత్తడికీ స్టీలుకూ బరువులో తేడా ఎనిమిది శాతం కూడా ఉండదు. ‘బరువైన ఇత్తడి’ అనే మాటకు ఉన్న ప్రచారం చూస్తే ఇది చాలా తక్కువ. ఈ కొంచెం తేడా కూడా ఉండకూడదని ఇత్తడి కడ్డీలను రెండు చేయించి, ఒకదానికి వెనక గుంట నుంచి 8 మి.మీ. డ్రిల్లుతో సుమారు 28 మి.మీ. లోతు రంధ్రం వేయించాను. దానితో అది కూడా 156 గ్రాములకు వచ్చింది. వీటికి తోడు, వ్యాసం ప్రభావం చూడడానికి 22 మి.మీ. వ్యాసంతో మరో స్టెయిన్‌లెస్ కడ్డీ చేయిస్తే అది 208 గ్రాములు తూగింది.

జూన్: రికార్డింగు

తీగ కంపించేటప్పుడు ఒక కొస బ్రిడ్జి దగ్గర, రెండో కొస బారు దగ్గర ఆగుతుంది. బారు కింద చెక్క ఉండదు, మెట్టు ఉండదు, వేళ్ళ పట్టులో అది తీగ మీద తేలుతూ ఉంటుంది. బారు తేలికైతే తీగతో పాటు అదీ కదులుతుంది. కదలడానికి కావలసిన శక్తిని తీగ నుంచే తీసుకుంటుంది కనుక నాదం త్వరగా అణగారుతుంది, ముందుగా పై హార్మోనిక్కులు పోతాయి. బరువైన బారు కదలడానికి మొరాయిస్తుంది కాబట్టి శక్తి తిరిగి తీగలోకే వెళుతుంది. ఈ లెక్క ప్రకారం బరువు ఒకటే అయినప్పుడు రెండు లోహాల మధ్య పెద్ద తేడా రాకూడదు.

గిటారును నేరుగా ఆడియో ఇంటర్‌ఫేసుకు కలిపి, ఎలాంటి రివర్బూ లేకుండా, పన్నెండో మెట్టు మీద మొదటి (అన్నిటికన్నా సన్నని) తీగనూ ఆరో (లావుపాటి) తీగనూ ఒకే బొటనవేలి పిక్కుతో మీటి రికార్డు చేశాను. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో తరంగం ఎంతసేపటికి సన్నబడుతోందో చూశాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బారుకు వెనుక, అంటే నట్టు (బ్రిడ్జికి ఎదురు కొసన తీగలు ఆనే పట్టీ) వైపు ఉన్న తీగ భాగం కూడా మోగుతుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు బారు వెనకాల తీగల మీద మెత్తగా పరచి ఆ మోతను ఆపకపోతే వినిపించే గరుకుదనమంతా అక్కడిదే అవుతుంది. బార్ల గురించి చెప్పుకొనే తేడాలలో సగం నిజానికి ఈ రెండు వేళ్ళవేనని నా అభిప్రాయం.

అల్యూమినియం కడ్డీని ఎవరైనా గుర్తుపట్టగలరు. మొదటి తీగ మీద నాదం పుట్టీ పుట్టగానే పలచబడుతుంది, ఆరో తీగ మీద బారు వేళ్ళలోనే సన్నగా వణకడం స్పష్టంగా తెలుస్తుంది. 1930లలో వచ్చిన రికెన్‌బాకర్ తొలి ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్ ఒళ్ళంతా పోత అల్యూమినియమే అయినా, వాద్యానికి పనికొచ్చిన ఆ లోహం బారుకు పనికిరాదు. దాన్ని ఆ తర్వాత పక్కన పెట్టేశాను.

అసలు పోలిక 156 గ్రాముల స్టీలుకూ, 156 గ్రాముల ఇత్తడికీ మధ్య. ఫైళ్ళ పేర్లు మార్చి, వరుస కలిపేసి వినిపించమని మా బావమరిదికి అప్పగించాను. హెడ్‌ఫోన్లలో ఎంత శ్రద్ధగా విన్నా నా జవాబులు బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికన్నా మెరుగ్గా రాలేదు. తరంగాలు అణగారే తీరులో కూడా ఒకే బారుతో రెండుసార్లు మీటినప్పుడు వచ్చే తేడాకు మించి ఏమీ కనిపించలేదు. 22 మి.మీ. స్టీలును మాత్రం ప్రతిసారీ గుర్తుపట్టగలిగాను. లోహం ఒకటే, బరువు 52 గ్రాములు పెరిగింది, దానితోనే మంద్ర తీగ నాదం నిడివి పెరిగింది, మీటిన వెంటనే వచ్చే టకటక తగ్గింది. అంటే ఇత్తడికీ స్టీలుకూ మధ్య వెతికిన తేడా ఒకే స్టీలులోని రెండు వ్యాసాల మధ్య దొరికింది.

అయితే మీటి ఊరుకున్న స్వరం వేరు, జారు వేరు. చుట్టు తీగల మీద బారును లాగినప్పుడు వచ్చే బుస శబ్దంలో లోహాల తేడా నిజంగానే ఉంది. ఆ బుసలో పై స్థాయి ధ్వనులు ఇత్తడి కింద కొంచెం తక్కువగా ఉంటాయి గానీ, చెమట చేతితో వాయించేటప్పుడు బారు తీగకు పట్టుకున్నట్టుగా ఆగి ఆగి కదులుతుంది. గట్టిపరచిన ఇఎన్-31 అన్నిటికన్నా నిశ్శబ్దంగా, ఆగకుండా జారింది. ఇత్తడి ‘మృదువు’ అన్న మాటలో కొంత నిజం ఉంటే అది ఈ బుస దగ్గరే ఉందనుకుంటాను.

ఆగస్టు: అరుగుదల, తుప్పు, గమకాలు

వాడకంలో ఇత్తడికి ఉన్న అసలు ఇబ్బంది బయటపడింది. సన్నని తీగలు పియానో తీగ జాతి గట్టి ఉక్కు, వాటి ముందు ఇత్తడి చాలా మెత్తన. కంసాలి భూతద్దంతో చూస్తే మొదటి తీగ తగిలే చోట బారు మీద వెంట్రుకవాసి గాడి కనిపించింది. నిటారుగా వాయించినంతసేపూ దాని వల్ల నష్టం లేదు, బారును ఏటవాలుగా తిప్పినప్పుడు మాత్రం తీగ ఆ గాడిలో పడి లేచే చోట సన్నని ‘టిక్’ వినిపిస్తుంది. బారును అరచేతిలో కొద్ది కొద్దిగా తిప్పుతూ వాడితే గాడి ఒకేచోట పడదు. పడినా 1200, 2000 వాటర్ పేపర్లతో పోతుంది. ఇత్తడికి పట్టే చిలుమును చింతపండుతో తోమితే మెరుస్తుంది గానీ బఫింగు నునుపు దెబ్బతింటుంది, బ్రాస్సో వాడి పొడిగుడ్డతో పూర్తిగా తుడవడం మేలు. 304 స్టీలు మీద కూడా గీతలు పడుతున్నాయి, కాకపోతే చాలా నెమ్మదిగా. ఇఎన్-31 మీద ఒక్క గీత కూడా లేదు. దాని బాధ వేరు: వానాకాలపు తేమలో చేతి ముద్ర పడిన చోటే తుప్పు చుక్క లేస్తుంది. కుట్టుమిషను నూనె పల్చగా రాసి గుడ్డలో చుట్టి పెడుతున్నాను, వాయించే ముందు నూనె పూర్తిగా తుడవాలి, లేకపోతే చుట్టు తీగలు దాన్ని పీల్చుకుని మందగిస్తాయి.

ఇఎన్-31 అయస్కాంతానికి అంటుకుంటుంది, ఇత్తడి అంటుకోదు, 304 కూడా దాదాపు అంతే. అందువల్ల పై స్థాయి స్వరాల కోసం ఇఎన్-31 బారును పికప్పు (తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే అయస్కాంత భాగం) దగ్గరికి వేగంగా తెస్తే స్పీకరులో ‘దుబ్’ అని చిన్న చప్పుడు వస్తుంది. వాయించేవారికి తెలుస్తుందే గానీ వినేవారు పట్టించుకునేంత కాదు.

గమకాలకు వచ్చేసరికి బరువు రెండు వైపులా కోసే కత్తి. మోహనలో నెమ్మదైన ఆలాపనకు 208 గ్రాముల బారు హాయిగా ఉంది, పెద్ద జారులో అది తన బరువుతో తానే సాఫీగా సాగుతుంది. అదే బారుతో తోడి గాంధారానికి కంపితం (స్వరాన్ని ఊపే గమకం) వేయబోతే మణికట్టు మొరాయించింది, ఊపు ఆగవలసిన చోట ఆగకుండా కాస్త ముందుకు పోయి శ్రుతి తప్పింది. 156 గ్రాముల బారుతో రెండో కాలం వర్ణం వరకూ వెళ్ళగలుగుతున్నాను. మెట్లు లేని మన చిత్రవీణను వాయించే విద్వాంసులు ఎబొనీ వంటి గట్టి కలప, కొమ్ము, ఈ మధ్య కాలంలో టెఫ్లాన్ వాడడానికి వేగమైన గమకాల అవసరమే ముఖ్య కారణం అయి ఉంటుంది. విచిత్ర వీణ మీద వాడే కోడిగుడ్డంత గాజు గుండు దారి మరొకటి.

కంపితానికి తేలికైనది కావాలనే ఒక మెకానిక్కు దగ్గర కారు గజన్ పిన్ను (పిస్టనును కనెక్టింగ్ రాడ్డుకు కలిపే ఉక్కు గొట్టం) అడిగి తెచ్చుకున్నాను. వ్యాసం 22 మి.మీ., పొడవు 60 మి.మీ., లోపల బోలు, బరువు 126 గ్రాములు. పైపొర గట్టిపరచి, గ్రైండింగు చేసి ఉంటుంది కనుక మళ్ళీ నునుపు చేయించవలసిన పనే లేదు, గ్రీజును కిరసనాయిలుతో కడిగితే చాలు. ముక్కు లేదు కాబట్టి ఏటవాలు పట్లు రావు, ఆరు తీగలకూ పొడవు బొటాబొటిగా సరిపోతుంది. అయినా ఒకటి రెండు తీగల మీద రాగం వాయించుకునేవారు లేత్ షాపు ఖర్చు పెట్టుకునే ముందు దీన్ని ప్రయత్నించాలని గట్టిగా చెబుతాను. అంచులు మాత్రం వేలితో తడిమి చూసుకోవాలి, చురుకుగా ఉంటే 400 నంబరు వాటర్ పేపరుతో కొట్టేయాలి.

ప్రస్తుతం ఏటవాలు పట్లకూ, వర్ణాలకూ 19 మి.మీ. ఇఎన్-31, ఆలాపనకు 22 మి.మీ. స్టెయిన్‌లెస్ వాడుతున్నాను. చేతి మీద తరువాతి పని టంగ్‌స్టన్ కార్బైడ్. ఘన సెంటీమీటరుకు దాదాపు 15 గ్రాముల బరువు కనుక 16 మి.మీ. సన్నటి కడ్డీ కూడా 200 గ్రాములు దాటుతుంది. వ్యాసం తగ్గి బరువు పెరిగితే ఏటవాలు పట్లు సులువవుతాయో లేదో చూడాలి. కార్బైడును మామూలు లేత్ మీద కోయడం కుదరదు, వజ్రపు చక్రంతో గ్రైండింగు చేసే షాపు కోసం వెతుకుతున్నాను.