ఆటిక్ వేడికి సోలార్ ఫ్యాన్ పెట్టించిన అనుభవం

డాలస్ ఎండల్లో మా పైఅంతస్తు గదులు రాత్రి పదయినా చల్లబడేవి కావు. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ సీలింగ్ వైపు చెయ్యెత్తి, "పైనుంచి సెగ కొడుతోందిరా" అంది. ఆమె అన్నది నిజమే. టెక్సస్‌లో చాలా ఇళ్లకు ఏసీ చల్లగాలి తెచ్చే డక్టులు ఆటిక్‌లోనే, అంటే సీలింగ్‌కీ ఇంటి కప్పుకీ మధ్య ఉండే ఖాళీలోనే ఉంటాయి. బయట 100 ఫారెన్‌హీట్ ఉన్న మధ్యాహ్నం ఆటిక్‌లో 130 దాటడం మామూలే. చల్లగాలి అంత వేడిలోంచి గదికి రావాలి.

కప్పు మీద బిగిస్తే ఆటిక్ వేడిగాలిని బయటికి తోసే సోలార్ ఫ్యాన్ పెట్టించుకోమని స్నేహితులు చెప్పారు. వైరింగ్ అక్కర్లేదు, కరెంటు ఖర్చు లేదు, ఎండ ముదిరేకొద్దీ జోరుగా తిరుగుతుంది. నాకూ నచ్చింది. కొనేముందు ఇల్లు చూడ్డానికి ఇంట్లో కరెంటు, చల్లదనం ఎక్కడ వృథా అవుతున్నాయో చూసే ఎనర్జీ ఆడిటర్‌ని పిలిచాను. ఆయన మొదట అడిగింది ఫ్యాన్ గురించి కాదు, లోపలికి గాలి ఎటునుంచి వస్తుందని.

ఫ్యాన్ బయటికి తోసినంత గాలీ చూరు కింద ఉండే గాలి రంధ్రాల (సోఫిట్ వెంట్ల) నుంచి లోపలికి రావాలి. అవి చాలకపోతే సీలింగ్ లైట్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి, ఆటిక్ తలుపు అంచుల్లోంచి, మనం బిల్లు కట్టి చల్లబరుచుకున్న గాలినే లాగేస్తుంది. మా గ్యాస్ వాటర్ హీటర్ కూడా ఆటిక్‌లోనే ఉంది. గొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగను ఆ లాగుడు వెనక్కి తిప్పే ప్రమాదం ఉంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉండొచ్చు. ఆ మాట విన్నాక నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

తెల్లవారాక, ఎండ ముదరకముందే మాస్కు కట్టుకుని పైకెక్కాను. లైటు ఆర్పి చూస్తే చూరు దగ్గర వెలుతురు గీత కనిపించాలి. మాకు చాలాచోట్ల చీకటే. వేడి దిగకుండా సీలింగ్ మీద పరిచే దూదిలాంటి ఇన్సులేషన్ జరిగి వెంట్లను కప్పేసింది. దూలాల మీదే మోకాళ్లు ఆనించి, చిన్న రేక్‌తో దాన్ని వెనక్కి లాగి, మళ్లీ జారిపడకుండా వాసాల మధ్య గాలికి దారి ఉంచే బాఫిల్స్ అనే పలకలు స్టేపుల్ చేశాను. తర్వాత పైపులు, వైర్లు దిగే రంధ్రాలను ఫోమ్‌తో మూశాను. ఆటిక్ తలుపు చుట్టూ రబ్బరు పట్టీ అంటించాను. ఒళ్లంతా దురద, చెమట. అయినా ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ పనే అని నా నమ్మకం. ఫ్యాన్ ఇంకా రాకముందే పిల్లల గదిలో తేడా తెలిసింది.

ఫ్యాన్ ఎంపికకు ఒక లెక్క ఉంది. నిమిషానికి 300 ఘనపుటడుగుల గాలి తోసే ఫ్యాన్‌కు లోపలికి గాలొచ్చే దారి ఒక చదరపుటడుగు కావాలి. అంటే 1200 తోసేదానికి నాలుగు. జాలీ అడ్డుపడేది పోగా మిగిలే ఖాళీనే లెక్కలోకి తీసుకోవాలి. మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి (హెచ్‌ఓఏ) ఫొటోతో దరఖాస్తు పెడితే ఇంటి వెనకవైపు కప్పు వాలు మీద పెట్టడానికి ఒప్పుకున్నారు. కప్పు పని చేసే రూఫర్, కప్పు మీదున్న పాత గాలి రంధ్రాలు (బాక్స్ వెంట్లు) అలాగే ఉంచుదామన్నాడు. నేను మూయించాను, ఎందుకంటే పక్కనే రంధ్రం ఉంటే ఫ్యాన్ చూరు దాకా వెళ్లకుండా అక్కడి గాలినే తిప్పుతుంది. బిగించాక ఫ్యాన్ తిరుగుతుండగా ప్లంబర్‌తో హీటర్ పొగ సరిగ్గా పైకి పోతోందో లేదో చూపించాను. మేడ మీద కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాను.

ఇప్పుడు మధ్యాహ్నం ఆటిక్ గాలి వేడి మునుపటికంటే బాగా తగ్గింది. సాయంత్రం ఎండ వాలితే ఫ్యాన్ మందగిస్తుంది, కప్పు మాత్రం ఇంకా కాలుతూనే ఉంటుంది. కప్పు మీది షింగిల్స్ (పెంకుల్లాంటి పలకలు) నుంచి కిందికి కొట్టే సెగను ఏ ఫ్యానూ ఆపలేదు. దానికి వాసాల కింద మెరిసే రేడియంట్ బారియర్ షీటు వేయాలి. చలికాలంలో ఆ పని పెట్టుకున్నాను. స్ప్రే ఫోమ్‌తో కప్పు కిందే పూర్తిగా మూసేసిన ఆటిక్ ఉన్నవాళ్లు మాత్రం ఈ ఫ్యాన్ జోలికి వెళ్లొద్దు.