రొటొరువాలో ఒక్క రోజు: గొర్రెల షో ముందా, బంజీ ముందా?

విశాఖ కాలేజీల నుంచి న్యూజిలాండ్ వెళ్ళే బృందాల ప్రోగ్రాం కాగితంలో రొటొరువా రోజు కిక్కిరిసి ఉంటుంది. ఆగ్రోడోమ్ అనే ఫారంలో గొర్రెల షో, ట్రాక్టర్ మీద ఫారం టూర్, స్వూప్ అనే పెద్ద ఊయల, కాళ్ళకు తాడు కట్టుకుని దూకే బంజీ, బంతిలో కూర్చుని దొర్లే జోర్బ్, చిన్న చక్రాల బండి మీద వాలు దిగే ల్యూజ్. కాగితం మీద అన్నీ పడతాయి గానీ 40 మందితో వెళ్తే పట్టవు. రైడ్ నిమిషంలో అయిపోతుంది. రోజును తినేసేది తూకాలు, సంతకాలు, బెల్టులు, బట్టలు మార్చుకోవడం.

స్వూప్ లెక్క చూడండి. ముగ్గురిని ఒకే సంచిలాంటి దాంట్లో పడుకోబెట్టి కట్టి 40 మీటర్ల ఎత్తుకు లాగుతారు. అక్కడ ముగ్గురిలో ఒకరు తాడు లాగితే ఊయల వదులుతుంది, వేగం గంటకు 130 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. 40 మంది అంటే 14 విడతలు. కట్టడం, విప్పడం కలిపి విడతకు ఏడు నిమిషాలు వేసుకున్నా గంటన్నర దాటిపోయింది. బంజీకైతే ఒక్కొక్కరే. అందుకే మనిషికి రెండు రైడ్లు చాలు, అవేమిటో విశాఖలోనే రాయించుకోండి. అక్కడ గేటు ముందు "నువ్వేం చేస్తున్నావ్ రా" అని బేరాలు మొదలైతే అరగంట పోయినట్టే.

షోలు నిర్ణీత వేళలకే ఉంటాయి, మీ కోసం ఆగవు. కాబట్టి ఉదయం మొదటి షోకి సీట్లు తీసుకుని, మిగతా రోజంతా దాని చుట్టూ అల్లుకోండి. షో దాదాపు గంట. అయ్యాక బృందాన్ని రెండుగా చేసి సగం మందిని ట్రాక్టర్ టూర్‌కి, సగం మందిని పక్కనే ఉన్న వెలాసిటీ వ్యాలీ రైడ్లకి (స్వూప్, బంజీ ఉండేది అక్కడే) పంపి, తర్వాత మార్చండి. రెండూ ఆనుకుని ఉండటం వల్ల కోచ్ ఎక్కి దిగే పని తప్పుతుంది. జోర్బ్ ఆఖరున.

ఇక షో. స్టేజీ మీదికి 19 జాతుల పొట్టేళ్ళు ఒక్కొక్కటే వచ్చి తమ మెట్టు మీద నిలబడతాయి, అందరికంటే పైన మెరినో. మన పిల్లలకు ఇక్కడ చూడాల్సింది ఉన్ని కత్తిరింపు. మనవైపు నెల్లూరు గొర్రెకు, అందులో పల్ల, జోడిపి, దొర ఏ రకమైనా, ఒంటి మీద పొట్టి వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. దాన్ని పెంచేది మాంసానికి. గొంగళ్ళు నేసేది దక్కనీ గొర్రె ఉన్నితో, అదీ ముతక. మెరినో ఉన్ని పోగు మందం 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల ఉంటుంది, అందుకే ఒంటికి తగిలినా గుచ్చుకోదు. న్యూజిలాండ్‌లో ఎక్కువగా కనిపించే రొమ్నీది 30 దాటుతుంది, అది తివాచీలకు పోతుంది. షో అయ్యాక గొర్రెల్ని ముట్టుకోనిస్తారు. ఉన్నిలో వేలు పెడితే జిడ్డుగా అంటేది లానోలిన్ అనే ఉన్ని మైనం.

కత్తిరించేవాడు గొర్రెను పిర్రల మీద కూర్చోబెట్టి మోకాళ్ళ మధ్య ఆనిస్తాడు. కాళ్ళకు నేల అందకపోతే అది పెనుగులాడదు. మొదట పొట్ట, తర్వాత వెనక కాలు, పక్క, మెడ, ఆపైన వీపు వెంట పొడవాటి కోతలు. ఎడమ చేత్తో చర్మాన్ని లాగి పట్టుకుంటూనే ఉంటాడు, లేకపోతే ముడతల్లో మిషన్ దువ్వెన దిగి కోసుకుపోతుంది. ఒకే చోట రెండోసారి మిషన్ తిప్పితే పొట్టి ముక్కలు పడి ఉన్ని విలువ తగ్గుతుంది. కత్తిరింపుకు ముందు గొర్రెకు మేత ఆపడానికీ కారణం ఉంది. నిండు కడుపుతో అలా కూర్చోబెడితే దానికి ఇబ్బంది. తడి ఉన్నిని అసలు కత్తిరించరు, మూటకట్టాక కుళ్ళుతుంది. ముందే ఇదంతా చెప్పి కూర్చోబెడితే పిల్లలు ఫోన్ పక్కన పెట్టి చూస్తారు. కుక్కల్లో రెండు రకాలు: కళ్ళతోనే గొర్రెల్ని నిలేసే హెడింగ్ డాగ్, మొరిగి తోలే హంటవే. ఆవు పాలు పితకడానికీ, గొర్రెపిల్లలకు సీసాతో పాలు పట్టడానికీ ప్రేక్షకుల్నే పిలుస్తారు. వెళ్ళే ఇద్దరు ముగ్గురు ఎవరో ముందే తేల్చుకోండి.

ఫారం టూర్‌లో మేత పెట్టేటప్పుడు అరచేయి చాపి పెట్టాలి, వేళ్ళు ముడిస్తే పళ్ళు తగులుతాయి. తర్వాత చేతులు సబ్బుతోనే కడగాలి. పశువుల నుంచి వచ్చే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి మీద శానిటైజర్ పనిచేయదు. ఈ ఒక్క మాట వినకపోతే మర్నాడు కోచ్‌లో విరేచనాలు.

భోజనం దగ్గర రెండు జాగ్రత్తలు. అక్కడ "మిన్స్ పై" (ఖీమా కూరిన బేకరీ తిండి) అంటే ఎక్కువగా గొడ్డుమాంసమే, అడక్కుండా కొనవద్దు. వెజిటేరియన్ అని రాసినదాంట్లో గుడ్డు ఉండొచ్చు. బంజీ, స్వూప్ ఉన్నవాళ్ళు ముందు ఇడ్లీ మోతాదులో ఏదైనా తిని, కడుపునిండా తినేది తర్వాత పెట్టుకోవాలి.

బంజీ ఇక్కడ 43 మీటర్లు. తాడు ఎంచేది బరువును బట్టి, అందుకే అక్కడికక్కడే తూస్తారు. గరిష్ఠ బరువే కాదు, కనీస బరువూ ఉంటుంది. సన్నగా ఉన్న అమ్మాయిలు డబ్బు కట్టి వెనక్కి రావడం దీనివల్లే. బయల్దేరే వారం ముందు బూట్లతో సహా తూచి, చీటీ మీద రాయించి తీసుకోండి, అందరి ముందూ చదవకండి. ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్ళు, కంటి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్‌ని అడగాలి. తలకిందులుగా వేలాడితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. గుండె, వెన్ను, మెడ, ఫిట్స్ ఉన్నవాళ్ళకు వద్దు. 18 నిండనివారి సమ్మతి పత్రాలు తల్లిదండ్రులతో ముందే సంతకం చేయించి పెట్టుకోండి. మొత్తంలో ఒకటి తీసేయాల్సి వస్తే బంజీనే తీసేయండి. దూకేది నలుగురు, నిలబడి చూసేది 36 మంది.

జోర్బ్ ఆ దేశంలోనే 1994లో పుట్టింది. పెద్ద పారదర్శక బంతి, లోపల ఇంకో బంతి, మధ్యలో గాలి. నీళ్ళ రకంలో బెల్టు ఉండదు, బకెట్లకొద్దీ నీళ్ళతో కొండ మీంచి జారుతూ దొర్లుతారు. జీన్స్ వద్దు, తడిస్తే బరువై ఒళ్ళు ఒరుసుకుపోతుంది. గాజులు, పట్టీలు, తాయెత్తులు, జడ పిన్నులు తీసేయాలి. ముక్కుపుడక రాకపోతే మీద టేపు వేయాలి. తువ్వాలు, రెండో జత బట్టలు, తడివాటికి ప్లాస్టిక్ కవరు, ఇవి కోచ్ డిక్కీలో కాదు, చేతిలో ఉండాలి. ల్యూజ్‌కి టైం మిగిలితే ఒకటే జాగ్రత్త: ఫొటో కోసం మలుపులో ఆగితే వెనకవాడు గుద్దుతాడు. హ్యాండిల్ ఒంటివైపు లాగితే బ్రేకు, కాలు కింద పెడితే గీరుకుపోతుంది.

నెల ఏది? సంక్రాంతి సెలవులైతే అక్కడ వేసవి, ఎండ విశాఖ ఎండలా ఉక్కపోయకపోయినా చర్మం త్వరగా మాడ్చేస్తుంది, క్రీమూ టోపీ తప్పవు. మన వేసవి సెలవులైతే అక్కడ శరదృతువు ముగిసి చలికాలం మొదలయ్యే సమయం. స్వెట్టర్ అంటే అరకుకో లంబసింగికో వేసుకునేది అనుకునే పిల్లల్ని తడి బట్టలతో ఆ గాలిలో నిలబెట్టకూడదు.

రైడ్‌లో దెబ్బ తగిలితే అక్కడి ప్రభుత్వ ప్రమాద పరిహార పథకం (ఏసీసీ) విదేశీయుల చికిత్సకూ సాయం చేస్తుంది. జ్వరానికి, రద్దయిన విమానానికి, ఇంటికి తరలించడానికి కాదు. కాబట్టి ఇన్సూరెన్స్ కావాలి, అందులో సాహస క్రీడల మినహాయింపు పేజీలో బంజీ ఉందేమో చూడాలి. ఇంట్లోంచి తెచ్చే పచ్చడి, స్వీట్లు, నెయ్యి, మట్టి అంటిన బూట్లు విమానాశ్రయంలో ప్రకటించాలి. తినే వస్తువు చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. నెయ్యి మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

ఆక్లండ్ నుంచి రొటొరువా దాదాపు మూడు గంటల దారి. డ్రైవర్ ఐదున్నర గంటల పనికి అరగంట ఆగాలి, రోజుకు 13 గంటలకు మించి పని చేయకూడదు, అది చట్టం. పొద్దున వచ్చి రాత్రికి ఆక్లండ్ చేరాలనుకుంటే మొదటి షో అందదు, ఆఖరి జోర్బ్ కుదరదు. బస రొటొరువాలోనే, అదీ ముందు రాత్రి నుంచే పెట్టుకోండి.